క్షమాపణల వారం

ఆ వారం విచారణలో, అంటే ఆ కతోలిక గుడి కింద ఉన్న ఇళ్ళన్నిట్లో, ఎవరి మొహం చూసినా నవ్వే. ఏళ్ళ తరబడి ఒకరి గుమ్మం ఒకరు తొక్కని తోడికోడళ్ళు ఎదురుపడి కుశలం అడుగుతున్నారు. ప్రహరీ గోడ దగ్గర తగువొచ్చి మాటలు మానేసిన అన్నదమ్ములు ఒకే బల్ల మీద కూర్చుని టీ తాగుతున్నారు. మనుషుల్లో హఠాత్తుగా ప్రేమ పొంగిపొర్లిందనుకుంటే పొరపాటే. ఇదంతా ఫాదర్ గారు పెట్టిన మెలిక.

క్రీస్తు శిష్యులైన అపోస్తలుల సమాధులున్న, సముద్రాల అవతలి ఆ ప్రాచీన నగరానికి యాత్ర వెళ్ళాలని విచారణలో చాలా రోజులుగా ఒకటే హడావుడి. ఎవరు ఎవరితో గది పంచుకోవాలి, గురక పెట్టేవాళ్ళని ఎవరికి అంటగట్టాలి, రాళ్ళు పరిచిన వీధుల్లో చక్రాల పెట్టెలు నడుస్తాయా లేదా అని పూజ అయ్యాక గుడి ముందు గుంపులుగా చర్చలు. కొత్త బూట్లు కరవకుండా ఉండాలని సాయంత్రాలు గుడి చుట్టూ నడక. వెళ్ళేవాళ్ళకంటే వెళ్ళనివాళ్ళ సలహాలే ఎక్కువ. అన్నీ సిద్ధమై, ఇక బయల్దేరడమే తరువాయి అనుకుంటుండగా ఆదివారం ప్రసంగంలో ఫాదర్ గారు బాంబు పేల్చారు.

"పూర్వం యాత్రకు వెళ్ళేవాళ్ళు ముందు ఇల్లిల్లూ తిరిగేవారు. ఎవరికి అన్యాయం చేశారో వాళ్ళ దగ్గరికి వెళ్ళి క్షమాపణ అడిగి, వాళ్ళ నోట సరే అనిపించుకుని అప్పుడు గడప దాటేవారు. మనమూ అలాగే వెళ్దాం. విమానానికి తీసుకెళ్ళే బస్సు దగ్గర ఒక్కొక్కర్నీ అడుగుతాను. గుండెల మీద మూట పెట్టుకుని, అక్కడ యాత్రికుల కోసం తెరిచే పవిత్ర ద్వారం దాటొద్దు. ఇక్కడే దించేసి రండి."

ఫాదర్ గారు వయసులో చిన్నవారు, ఈ విచారణకు కొత్త. ఈ మాట ఎంత దూరం పోతుందో ఆయనకు తెలిసి ఉండదు.

గుడి ఎదురు సందులో, మేడమెట్ల కింద ఉన్న దుకాణం ఇస్త్రీ అక్కది. ముసలీ ముతకా అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. యాత్రకు వెళ్ళే తాహతు ఆమెకు లేదు, ఆ ఊసూ లేదు. కానీ యాత్ర బట్టలన్నీ ఆమె బల్ల మీదుగానే పోవాలి కాబట్టి ఆ వారం ఆమెకు ఊపిరాడని పని. మూటల మీద గుర్తులు పెట్టడం ఆమెకు అలవాటు లేదు. మూట విప్పగానే వాసన పట్టి ఇది ఎవరింటిదో చెప్పేస్తుంది. ఒక ఇంటి బట్టలకు తలనూనె, ఒక ఇంటి బట్టలకు మందులు, ఒక ఇంటివాటికి పాత పుస్తకాల వాసన. చొక్కా పరిచి, నీళ్ళు చిలకరించి, ముందు కాలరు, తర్వాత చేతులు, చివర వెన్ను. చెయ్యి దాని దారిన అది పోతూ ఉంటుంది, ఆమె మనసు దాని దారిన.

సోమవారం మధ్యాహ్నం పాటల టీచరమ్మ వచ్చింది. గుడిలో పాటలు నేర్పేది ఆవిడే. గొంతు ఎంత తియ్యనో నోరు అంత దురుసు.

"అక్కా, కాస్త ఆ పెట్టె పక్కన పెట్టు. ఒక మాట చెప్పాలి."

"ఏం, పోయినసారి చీర అంచు కాలిందా?"

"బట్టల సంగతి కాదు. మీ తమ్ముడి సంగతి."

ఇస్త్రీ అక్క పెట్టెను నిలబెట్టింది. ఆమె దగ్గర ఆ ప్రస్తావన ఎత్తి ఎన్నాళ్ళయిందో.

"వాడు గోపురం మీంచి పడ్డ రోజున, వాడి దగ్గర మందు వాసన గుప్పున కొట్టిందని నేనన్నాను. గుర్తుందా?"

"ఎందుకు గుర్తుండదు? పాటలవాళ్ళందరి ముందూ అన్నావు."

"కొట్టలేదక్కా." టీచరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అసలు నేను దగ్గరికే పోలేదు. రక్తం చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయి. మెట్ల దగ్గరే ఆగిపోయాను. తాగి ఎక్కాడట అని ఎవరో అంటుంటే నేనూ ఓ మాట కలిపేశాను. నోరు జారింది. తర్వాత వెనక్కి తీసుకోవడం చేతకాలేదు. క్షమించవూ?"

"సరే" అంది ఇస్త్రీ అక్క. మాట నోట్లోంచి వచ్చింది గానీ అర్థం ఇంకా లోపలికి దిగలేదు.

"అమ్మయ్య!" టీచరమ్మ కళ్ళు తుడుచుకుని, గుండె నిండా గాలి పీల్చుకుంది. సందు చివరిదాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "ఆ గులాబీరంగు చీరకి గంజి తక్కువ పెట్టు అక్కా. పెట్టెలో మడత విరుగుతుంది."

తమ్ముడు కరెంటు పని చేసేవాడు. బిషప్ గారు వచ్చే ముందురోజు, గోపురం పైన శిలువ దగ్గర మాడిపోయిన దీపం మార్చడానికి ఎక్కి పడిపోయాడు. ఒకప్పుడు తాగేవాడు, నిజమే. ఆ తర్వాత అక్క నెత్తిన చెయ్యి పెట్టి, ఇక ముట్టనని ఒట్టేశాడు. ఆ ఒట్టు తప్పి చచ్చాడని లోకమంతా అంది. లోకం అన్నది వేరు, ఆమె నమ్మింది వేరు కాదు. తన నెత్తి మీద పెట్టిన చేతికి విలువ లేకుండా చేశాడన్న కోపం ఏడుపుకంటే ముందొచ్చింది, ఏడుపు ఆగిపోయాక కూడా మిగిలింది.

ఆ సాయంత్రం పని చేసుకుంటుంటే రబ్బరు వాసన వచ్చింది. తీగలకు చుట్టే నల్ల టేపు వాసన. పెట్టె తీగ కాలుతోందేమోనని ప్లగ్గు పీకి, తీగను ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్ళతో తడిమి చూసింది. ఎక్కడా వేడి లేదు. మళ్ళీ పెట్టింది. మళ్ళీ అదే వాసన. పక్క దుకాణం ఆవిణ్ణి పిలిచి చూపిస్తే, "నీ మొహం, నాకేం రావట్లేదు" అని పోయింది.

మర్నాడు ఎవరిదో తెల్లచొక్కా వెన్ను మీద పెట్టె నడిపిస్తుండగా ఆవిరి లోపలికి దూరి చొక్కా ఛాతీ దగ్గర మెల్లగా లేచింది. మనిషి పడుకుని ఊపిరి తీసినట్టు లేచి, పడిపోయింది. అలా లేవడం రోజుకు వందసార్లు చూసే ఆమె ఈసారి మాత్రం చెయ్యి వెనక్కి తీసుకుంది. వెనకాల గుమ్మానికి చెయ్యి ఆనించి ఎవరో నిలబడ్డారు. పని ఎప్పుడవుతుందక్కా అని అడక్కుండా, విసుక్కోకుండా, ఊరికే నిలబడే వాడొకడుండేవాడు. తిరిగి చూస్తే గుమ్మం ఖాళీ. తిరగకుండా ఉన్నంతసేపూ ఖాళీ కాదు. అందుకని ఆ పూట అలా తిరక్కుండానే చొక్కాలన్నీ చేసింది.

బుధవారం, గుడి మరమ్మతులు చేసే మేస్త్రి వచ్చాడు. బట్టలేం తేలేదు. మెట్టు మీద కూర్చుని, సిమెంటు తిన్న వేళ్ళు ఒకదాంట్లో ఒకటి దూర్చుకుని, తల వంచుకున్నాడు.

"నువ్వు కూడానా?" అంది.

"నిచ్చెన పట్టుకోమన్నాడక్కా. 'అన్నా, వాన తుంపర పడుతోంది, కింద జారుతుంది, కదలకుండా పట్టుకో' అన్నాడు. కాసేపు పట్టుకున్నాను. చలేసింది. వాడు పైన కుదురుగానే ఉన్నాడు కదాని టీకి పోయాను. గ్లాసు చేతిలో ఉండగానే చప్పుడు వినపడింది."

"తాగి ఉన్నాడా?"

"ఎక్కడ తాగాడు! పొద్దుట్నుంచీ నాతోనే ఉన్నాడు. ముందురోజు కూడా నేను పోయిస్తానంటే, మా అక్కకి ఒట్టేశాను, నన్ను లాగొద్దు అన్నాడు." మేస్త్రి వేళ్ళు విడదీసి మొహం తుడుచుకున్నాడు. "ఆ మాట అప్పుడే చెప్పాల్సింది. చెబితే, మరి నిచ్చెన దగ్గర నువ్వెక్కడున్నావని అడుగుతారు కదా. నోరు మూసుకున్నాను."

"తాగాడని ముందన్నది ఎవరు?"

మేస్త్రి గుడి వైపు చూసి, నేల వైపు చూశాడు. "పెద్దయ్య."

పెద్దయ్య అంటే విచారణ సంఘం పెద్ద. యాత్రకు నడుం కట్టింది ఆయనే. బస్సు మాట్లాడింది, గదులు కుదిర్చింది, టోపీలు కూడా అందరికీ ఒకేరకంవి కొనిపించింది ఆయనే.

ఇస్త్రీ అక్క మేస్త్రికి మంచినీళ్ళిచ్చింది. "పోయిరా" అంది. క్షమించానని అనలేదు, లేదని కూడా అనలేదు. అతను దాన్నే పుచ్చుకుని, కళ్ళకద్దుకున్నట్టుగా దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

అతను పోగానే ఆమె దుకాణం తలుపు వారగా వేసి, మేడ మీది తన గదికెళ్ళి, అలమరా మీద వెనక్కి తోసేసి ఉన్న మూటను దించింది. ఆస్పత్రివాళ్ళు ఇచ్చిన బట్టలు. వాళ్ళు వేసిన ముడి వేసినట్టే ఉంది. ఊళ్ళో ఎవరి చొక్కా అయినా ముక్కు దగ్గర పెట్టుకుంటే చాలు, వాడు ఏం తిన్నాడో, ఎక్కడ తిరిగాడో, ఏ జబ్బుతో ఉన్నాడో చెప్పగల మనిషి, ఈ ఒక్క చొక్కాను ఇన్నేళ్ళలో వాసన చూడలేదు. మందు వాసన వస్తుందన్న భయం. వస్తుందన్న నమ్మకం. ఆ రెంటికీ తేడా ఇవాళ తెలుస్తోంది. భయం అనుకుంటూ నమ్మింది.

ముడి గట్టిపడిపోయింది. పళ్ళతో లాగి విప్పింది. చొక్కాను రెండు చేతులా పట్టుకుని మొహం దాచుకుంది. దుమ్ము వాసన. పాత కర్ర వాసన. అంతే. రక్తం కూడా వాసన మానేసింది, మరకై మిగిలింది. ఆ చొక్కా చెప్పాల్సింది ఎప్పుడో చెప్పేసి, వినేవాళ్ళు లేక ఊరుకుంది. దాని చెయ్యి మీద మాత్రం ఆ పొద్దున తను పెట్టిన మడత కత్తిలా ఇంకా ఉంది. నాలుగు మెట్లెక్కితే నలిగిపోయేదానికి ఎందుకక్కా ఇంత మడత అని నవ్వి తొడుక్కుపోయాడు.

ఆమె నేల మీద కూలబడి, వాడు పోయినప్పుడు ఏడవాల్సిన ఏడుపు అప్పుడు ఏడ్చింది.

బలిపీఠం గుడ్డలు ఇవ్వడానికి గుడికి వెళ్ళినప్పుడు ఫాదర్ గారు ఎదురొచ్చి ఎంతో సంతోషంగా, "చూశావా అమ్మా, అందరూ ఎంత తేలికపడ్డారో!" అన్నారు.

"పడ్డారు ఫాదర్. మూటలు దించుకోమన్నారు మీరు. వాళ్ళు తెచ్చి నా గుమ్మంలో దించారు. నేనెక్కడ దించుకోను?"

ఫాదర్ గారు ఆమె మొహం చూశారు. గుడ్డలు తీసుకుని, "కూర్చోమ్మా" అన్నారు. ఆమె కూర్చోలేదు. దుకాణంలో పెట్టె వేడిగా ఉందని చెప్పి వచ్చేసింది.

పెద్దయ్య శుక్రవారం వచ్చాడు. ఎప్పుడూ ఎవరిచేతో పంపే చొక్కాలు తనే మోసుకొచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోకుండా, దండెం మీద వేలాడుతున్న బట్టలను ఒక్కొక్కటే చూస్తూ, వాతావరణం గురించి, బస్సు గురించి, అక్కడ ఎక్కాల్సిన మెట్ల గురించి మాట్లాడాడు. మనిషి వారం రోజుల్లో సగమయ్యాడు.

"తమ్ముడి సంగతేగా?" అంది ఆమె, కాలరు మీద నుంచి పెట్టె తీయకుండా. "టీచరమ్మ వచ్చింది. మేస్త్రి వచ్చాడు. మిగిలింది మీరే."

పెద్దయ్య అప్పుడు కూర్చున్నాడు.

"వానలో వద్దన్నాడమ్మా వాడు. తెల్లారాక ఎక్కుతానన్నాడు. తెల్లారకముందే బిషప్ గారొచ్చే వేళకి శిలువ చీకట్లో ఉంటే నా పరువేం కావాలన్నాను. చేతకాకపోతే చెప్పు, చేతనైనవాణ్ణి పిలిపిస్తానన్నాను. రోషం వచ్చి ఎక్కాడు." ఆయన మోకాళ్ళ మీద చేతులు అరిగేట్టు రుద్దుకుంటున్నాడు. "పడ్డాక, ఎవరు ఎక్కించారని జనం నా వంక చూశారు. అంతమంది ఒక్కసారి చూసేసరికి, తాగున్నాడు, మేం వద్దన్నా వినలేదు అన్నాను. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకే తెలీదు. అనగానే అందరూ నమ్మేశారు. అంత తొందరగా నమ్ముతారని నేనే అనుకోలేదు."

"నేనూ నమ్మాను" అంది ఆమె.

"నువ్వు నమ్మడం చూశాక నాకు కూడా నిజమే అనిపించింది. సొంత అక్కే ఒప్పుకుంది కదా అని ధైర్యం."

కాలరు పసుపు రంగుకు తిరగబోతుంటే ఆమె చటుక్కున పెట్టె ఎత్తింది. ఇన్నేళ్ళ పనిలో ఒకరి బట్ట మీద పెట్టె మర్చిపోవడం అదే మొదలు.

"క్షమించానను తల్లీ" అన్నాడు పెద్దయ్య. ఊళ్ళో ఎవరికీ తల వంచని మనిషి రెండు చేతులూ జోడించాడు. "ఈ యాత్ర కోసం ఎన్నాళ్ళుగానో కలలుగన్నాను. ఆ సమాధుల దగ్గర మోకరించి పోవాలని. నువ్వు సరే అంటేగానీ ఎక్కలేను."

"నన్ను ఏడిపించినందుకు నా మటుకు నేను సరే అంటాను. అన్నాను, తీసుకోండి. కానీ వాడి తరఫున సరే అనడానికి నేనెవర్ని? బతికుండగా ఒట్టేయించుకుని, చచ్చాక ఆ ఒట్టే నమ్మనిదాన్ని. నాకేం హక్కుంది?"

"మరి పోయినవాణ్ణి ఎలా అడగనమ్మా?"

"అది నాకు తెలీదు. వాణ్ణే అడగండి. సమాధుల తోట మీకు తెలీనిది కాదుగా."

ఆయన లేచి, చొక్కాలు అక్కడే వదిలేసి, గోడ పట్టుకుని సందు దాటాడు.

శనివారానికల్లా ఆ మాట ఊరంతా పాకింది. ఇస్త్రీ అక్క మొండికేసిందనీ, పెద్దయ్య యాత్ర ఆగిపోయేట్టుందనీ, ఆయన లేకపోతే ఆ పరదేశంలో తమను నడిపించే దిక్కెవరనీ ఒకటే గోల. బట్టలు పట్టుకుపోవడానికి వచ్చినవాళ్ళు మొహం చూడకుండా తీసుకుపోయారు. క్షమాపణల వారంలో ఊరందరికీ కాని మనిషి ఆమె ఒక్కతే అయింది. టీచరమ్మ ఉండబట్టలేక వచ్చి, "ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోతుందక్కా? పెద్దాయన తిండి మానేశాడు. పోయినవాడు ఎలాగూ రాడు కదా" అంది.

"వస్తున్నాడు" అంది ఇస్త్రీ అక్క. "నువ్వొచ్చి వెళ్ళిన కాణ్ణుంచి రోజూ వస్తున్నాడు."

టీచరమ్మ గుమ్మం వైపు చూసి, చీర ప్యాకెట్టు గుండెలకు హత్తుకుని వెళ్ళిపోయింది.

ఆదివారం ఉదయం పూజ తర్వాత బస్సు గుడి ముందుకొచ్చింది. దుకాణంలోంచి ఆమెకు అన్నీ వినపడుతూనే ఉన్నాయి. పెట్టెలు పైకెక్కించే కేకలు, కిటికీ పక్క సీటు కోసం అప్పుడే మొదలైన తగువు, ఫాదర్ గారు ఒక్కొక్కర్నీ అడగడం, "అయిందండీ", "అయింది ఫాదర్" అన్న జవాబులు. తర్వాత ఎందుకో కేకలన్నీ ఆగిపోయాయి. ఒక్క గొంతు ఏదో చెబుతోంది గానీ మాటలు తెలియలేదు. ఆ తర్వాత తలుపు పడిన చప్పుడు, యాత్రాగీతం, దూరమవుతున్న బస్సు.

పెద్దయ్య చొక్కాలు చివరిదాకా ఎవరూ వచ్చి తీసుకోలేదు. ఆమె పెట్టె ప్లగ్గు పీకి, చేతులు కడుక్కుని, తలుపు వేసి బయటికొచ్చింది. యాత్రకు పోయేవాళ్ళంతా అడగాల్సినవాళ్ళని అడిగారు. ఆమె ఒక్కతే ఇంకా అడగలేదు. గుడి వెనక బాట పట్టి సమాధుల తోట వైపు నడిచింది. అటు మట్టి వేసిన రోజు వచ్చింది, మళ్ళీ ఇదే రావడం. ఇంటి నుంచి ఒక పాట పాడేంత దూరం లేదు ఆ చోటు.

గేటు తీసే ఉంది. లోపల, రాళ్ళ వరసల మధ్య, ప్రయాణం బట్టల్లో, మెడకు యాత్ర టోపీ వేలాడుతూ పెద్దయ్య నడుస్తున్నాడు. ఒక రాయి దగ్గర వంగి చదువుతున్నాడు, ఇంకో రాయి దగ్గరకు పోతున్నాడు. పాంటు మోకాళ్ళ దాకా మట్టి కొట్టుకుపోయింది.

"బస్సు వెళ్ళిపోయిందిగా!" అంది ఆమె.

"వెళ్ళింది." ఆయన ఆయాసంతో నిలబడ్డాడు. "అందర్నీ కూర్చోబెట్టి చెప్పేశాను. ఎక్కించింది నేను, తాగాడన్నది నేను, ఆ పిల్లాడు ముట్టనే లేదని చెప్పాను. ఫాదర్ గారు ఎక్కమనే అన్నారు. కాళ్ళు రాలేదు. వాణ్ణే అడగమన్నావు కదా నువ్వు."

తమ్ముడి పేరు మీది మట్టి ఈయన దులిపేశాడు. ఇక మిగిలింది తన పనే.

"ఇందాకట్నుంచీ వెతుకుతున్నానమ్మా. అన్ని రాళ్ళూ చదివాను. వాడి పేరు ఎక్కడా లేదు." పెద్దయ్య నుదుటి చెమట తుడుచుకున్నాడు. "కాస్త చూపించు. ఎక్కడ ఉన్నాడు?"

ఇస్త్రీ అక్క చుట్టూ చూసింది. ఆ రోజు ఒక కర్ర శిలువ పాతారు. రాయి పెట్టిద్దామని ఎవరో అంటే, తాగి చచ్చినవాడికి రాయి కూడానా అన్నది తనే. కర్ర ఎప్పుడు పుచ్చి పడిపోయిందో. గోడ వారగా అనుకుంది, గోడకు నాలుగు వైపులున్నాయి. మట్టి ఎర్రగా ఉన్నట్టు గుర్తు, ఇప్పుడంతా మోకాలెత్తు గడ్డి. రాయి లేని దిబ్బలు ఇక్కడొకటి, అక్కడొకటి, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి.

పెద్దయ్య ఆమె వేలు ఎటు చూపిస్తుందోనని ఎదురుచూస్తున్నాడు.

"నాకూ తెలీదండీ" అంది.